తాడు పట్టిన చేతికి రెండు చేపలు

స్కాట్లండ్ వెళ్లొచ్చానని తెలిసి మా వాడలో ఎవరూ నన్ను కోటల గురించి అడగలేదు. కెరటం ఎలా ఉంటుంది, ఏ చేప పడుతుంది, వల ఏ దారంతో అల్లుతారు అని అడిగారు. అడగవలసిన ప్రశ్నలు అవే. బయలుదేరే ముందు ఆ దేశం తిరిగొచ్చిన పెద్దమనుషులు రాసినవి నాలుగైదు చదివాను. కొండలు, కోటలు, గొర్రెలు, మబ్బులు. సముద్రం పక్కన రోజుల తరబడి తిరిగి కూడా రేవులోకి తొంగి చూసినవాడు ఒక్కడు లేడు. చూడని సంగతి రాయలేదంటే సరే, చూడాలని కూడా అనిపించలేదు చూడండి, అదీ నా కోపం. కోటలు కావాలంటే వాళ్లవి చదువుకోండి.

మాది కళింగపట్నం దగ్గర చేపలవాళ్ల వాడ. నేను మూడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా ఎండు చేపలు కట్టే పాత పేపర్లలో చదువుకున్నదే. చేతికి సగం వార్త వస్తే మిగతా సగం కోసం కొట్టు చుట్టూ తిరిగేవాణ్ణి. మా రెండో అమ్మాయి పైడమ్మ ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్లో ఆస్పత్రి నర్సు. అల్లుడు అప్పలరాజుది కొత్తవలస దగ్గర పల్లె. నాలుగెకరాల వరి, నార తీసే గోగు తప్ప ఏమీ తెలియని, సముద్రమెరగని కుటుంబం. అక్కడ సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. వాళ్లకి ఒక్కతే కూతురు సింధు, పదమూడేళ్లది. వేసవి మొదట్లో సింధు బడికి వారం సెలవులొస్తే నన్ను రప్పించుకుని, నాలుగు రోజులు కారులో స్కాట్లండ్ సముద్రం చూపిస్తామన్నారు. మా ఇంటిది చలికి భయపడి రానంది.

బయలుదేరే పొద్దున పైడి నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. ఆ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి అయిదేళ్లు మచ్చ లేకుండా పని చేయాలట. ఆ అయిదేళ్లు నిండాయి. దరఖాస్తు పెట్టింది. జవాబు ఇంకా రాలేదు.

"నాన్నా, ఏదీ ముట్టుకోకు. ఎవుల్తోటీ తగువు ఎట్టుకోకు. సిన్న పోలీసు కేసైనా సాలు, అయిదేళ్ల కట్టం నీళ్లలో పోతాది."

"నానేటి సంటిపిల్లాడినా?"

"సంటిపిల్లాడైతే సంకనెత్తుకుందును. అదే సిక్కు."

దారిలో

అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు. మనలాగే అన్నది అంతటితో సరి. మూడు గంటలు పోయాం, ఒక్క హారన్ మోగలేదు. నాకు నిద్ర పట్టలేదు. హారన్ లేని రోడ్డు మీద నిద్రపోతే ఏ లోకంలో తేలతామో అని అనుమానం.

దారిలో ఒకచోట ఆగి టీ తాగాం. కాగితం గ్లాసు, వేణ్ణీళ్లలో వేలాడే ఒక సంచీ, పక్కన వేలెడంత పాలపొట్లం. మన డబ్బుల్లో దగ్గరదగ్గర నాలుగొందలు. టీ కాచేవాడు కూడా లేడు, మనమే కలుపుకోవాలి. "కలుపుకున్న కూలి మనకిత్తాడేటి?" అని అడిగితే అప్పలరాజు నవ్వి, "మావా, అరవకు, వాడికి తెలుగు రాదు గాని ముఖం సదవడం వచ్చు" అన్నాడు. పైడి పులిహోర కట్టింది. దాన్ని కారులోనే తిన్నాం. అక్కడ బల్లల మీద బయటి తిండి తినకూడదని బోర్డు ఉందట.

బెరిక్: శుభ్రమైన కంచం

మొదటి రాత్రి మకాం బెరిక్ అనే ఊళ్లో, గదులు అద్దెకిచ్చే ఒక ఇంట్లో. ఇంగ్లండు అక్కడితో అయిపోతుంది. నది సముద్రంలో కలిసే చోట పాత గోడల మధ్య ఊరు. మా వంశధార కూడా సముద్రంలో కలుస్తుంది గానీ, కలిసేచోట గోడ కట్టాలని ఎవరికీ తోచలేదు.

దిగగానే సముద్రం దగ్గరికి వెళ్లాను. మా వాళ్లు కొత్త నీళ్లు చూస్తే దోసిట్లోకి తీసుకుని కళ్లకద్దుకుంటారు. చెప్పులు విప్పి దిగాను. నీళ్లు కావవి, కత్తులు. అయినా వంగి కళ్లకద్దుకుని, అలాగే కాసేపు ఉండిపోయాను. నడుం పట్టేసింది లెండి. కుక్కను తిప్పుకుంటున్న ఒక ముసలాయన నేను పడిపోయాననుకుని బూట్లతోనే నీళ్లలోకి పరిగెత్తుకొచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని లేపాడు. నేను చేతులు జోడించి సముద్రాన్ని చూపించాను. ఆయన కూడా అటు చూశాడు. ఏమీ కనిపించక నన్ను చూశాడు. ఆయన కుక్క నా చెప్పు పట్టుకుపోయింది. ఇద్దరం కలిసి చెప్పు వెతికాం. మాట లేకుండానే స్నేహం కుదిరింది.

జూన్ నెల. రాత్రి పదింటికి కూడా వెలుతురు పోదు. చీకటి పడ్డాక అన్నం తినే అలవాటు నాది. పైడి పిలుస్తుంది, నేను ఇంకా పొద్దుందంటాను. చివరికి నా కంచం మూత పెట్టి వాళ్లు పడుకున్నారు.

పొద్దున ఫలహారానికి ఆ ఇంటావిడ పళ్లెంలో ఒక చేప పెట్టింది. పొగలో మగ్గిన చేప. పొద్దున్నే చేప పెట్టే దేశం మీద నాకు ఒక్కసారిగా గౌరవం కలిగింది. అన్నం లేదన్నారు. సరే, రొట్టెతోనే తిన్నాను. ముల్లు ముల్లుగా ఏరి, తల కూడా వదలకుండా తిని, నడుం ముల్లు ఒక్కటి పళ్లెంలో దువ్వెనలా పెట్టాను. ఆవిడ పళ్లెం తీయడానికి వచ్చి ఆగిపోయింది. లోపలికి వెళ్లి మొగుణ్ణి పిలుచుకొచ్చి ఆ పళ్లెం చూపించింది.

తప్పు చేశానేమోనని పైడి కంగారు పడింది. ఆవిడ చెప్పిందేమిటంటే, వాళ్ల అమ్మమ్మ ఇలా తినేదట. ఆ అమ్మమ్మ చేపలు కోసే పనికి పడవల వెంట రేవు నుంచి రేవుకు ఒడ్డమ్మట నెలల తరబడి పోయేదట. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఉప్పులో చేతులు పెట్టి పని చేసేదట. ఇప్పుడు అలా తినడం ఎవరికీ రాదు, ముల్లుంటే పిల్లలు ముట్టరు అంది.

మా వాళ్లు గుజరాతు పడవల మీద పనికి ఏడాదికి తొమ్మిది నెలలు పోతారు. మగాళ్లే పోతారు. ఇక్కడ ఆడవాళ్లు పోయేవారట. ఆ మాట సింధుకు చెబితే, "తాతా, మనవాళ్లు ఇంకా వెళ్తన్నారు కదా, వాళ్లు ఎప్పుడు మానేస్తారు?" అని అడిగింది. మా రేవులో జెట్టీ ఉంటే ఎవరూ పోనక్కర్లేదు. అది తలచుకుంటే కోపం వచ్చింది. జెట్టీ కడతామని మా రేవులో ఇప్పటికి మూడు శంకుస్థాపన రాళ్లు పాతారు. రాళ్లే మిగిలాయి. వాటి మీద వలలు ఆరేసుకుంటున్నాం.

సరిహద్దు, గోనెపట్టాలు

రెండో రోజు ఇంగ్లండు దాటి స్కాట్లండులోకి వెళ్లాం. రెండు దేశాల మధ్య సరిహద్దు అంటే నేను చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నాను. రోడ్డు పక్కన ఒక బోర్డు, మూడు జెండాలు, ఒక సమోసాల బండిలాంటి బండి. అంతే. ఇచ్ఛాపురం దగ్గర ఒడిశాలోకి వెళ్లేటప్పుడు ఇంతకు నాలుగింతల హడావుడి ఉంటుంది. "ఇదేనేటి?" అన్నాను. "ఇదే మావా, ఎలిపోయింది కూడా" అన్నాడు అల్లుడు.

డండీ అనే ఊరు దాటుతుంటే అప్పటిదాకా పొలం లేదని మూలుగుతున్న అప్పలరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరు ఒకప్పుడు జనపనారతో బతికిందట. నార బెంగాల్ నుంచి ఓడల మీద వచ్చేది. మిల్లులు మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు వాటిలో ఇళ్లున్నాయి. అల్లుడి నాన్న గోగు కోసి, నీళ్లలో ఊరవేసి, నార తీసి విజయనగరం పక్క మిల్లులకు వేసినవాడు. ఆ మిల్లులూ మూతపడ్డాయి. "మా నాన్నకి సెప్పాల, ఈల్ల మిల్లులు కూడా మూసేసేరని. కాత్త మనశ్శాంతి" అన్నాడు.

ఇంకొంచెం పైన ఆర్‌బ్రోత్‌లో ఆగాం. అక్కడ చేపల్ని రెండేసి తోకల దగ్గర జత కట్టి, కర్రకు వేలాడదీసి, కింద మంట పెట్టి, పైన తడి గోనెపట్టాలు కప్పుతారు. మామా అల్లుళ్లం ఇద్దరం ఆ పట్టాల్ని తడిమి చూశాం. అల్లుడికి నార, నాకు చేప. పొగ పెట్టే మనిషి మమ్మల్ని వింతగా చూసి, ఒక చేప చీల్చి కాగితంలో పెట్టి ఇచ్చాడు. వెన్నలా ఉంది. ఉప్పు మాత్రం మనకంటే తక్కువ. మనం చేప ఎండబెట్టేది వానాకాలం దాటడానికి, వాళ్లు పొగబెట్టేది ఆదివారం తినడానికి. ఉప్పులో ఆ తేడా ఉంది.

పేరు రాయని రేవు

మూడో రోజు చేరిన ఊరి పేరు నేను రాయను. చిన్న ఊరు. ముప్పై నలభై ఇళ్లు, అన్నీ సముద్రానికి వీపు తిప్పి నిలబడ్డాయి. ఎందుకంటే గాలికట. మా ఇళ్లు సముద్రాన్ని చూస్తూ ఉంటాయి, తుపానుకు ముందు పోయేవీ అవే.

ఆ ముప్పై ఇళ్ల ఊరికి నల్లరాతి గోడతో ఒక రేవు. గోడ మీద నడిచి చూశాను. తొంభై అడుగులు వేశాను, గోడ అయిపోలేదు. లోపల మూడంటే మూడు పడవలు. ఒడ్డున కూర్చుని వల కుడుతున్న ఒక ముసలాయన, ఒకప్పుడు నలభై పడవలుండేవని పైడితో చెప్పాడు. సగం ఇళ్లు ఇప్పుడు పట్నం వాళ్లు సెలవులకు కొనుక్కున్నవట. గోడ ఉన్నవాళ్లకి పడవలు లేవు. పడవలున్న మాకు గోడ లేదు. ఈ లెక్క ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు.

పైడి కారులో కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తోంది. అల్లుడూ సింధూ వేయించిన ఆలుగడ్డలు కొనడానికి వెళ్లారు. నేను గోడ మీద ఒంటరిగా ఉన్నాను. అప్పుడొక చిన్న పడవ లోపలికి వచ్చింది. దాని మీద ఇద్దరు, ఎర్రగడ్డం మనిషి ఒకడు, చుక్కాని దగ్గర ఇంకొకడు. గడ్డం మనిషి తాడు చుట్టి నా వైపు విసిరాడు. నా వైపు అని నేను అనుకున్నాను. నా వెనకున్న ఇనుప దిమ్మ వైపు విసిరాడని తర్వాత తెలిసింది. గాల్లోనే పట్టుకున్నాను. డెబ్బై దాటిన చేతులు. పట్టుకున్నాయి. దిమ్మకు రెండు చుట్లు వేసి బిగించాను. గడ్డం మనిషి బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఇక్కడ మా రేవు సంగతి చెప్పాలి. మేము లాగేది అలివి వల. ఒడ్డు నుంచి సముద్రంలోకి అర్ధచంద్రంలా వేసి, రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఒడ్డుకు లాగే పెద్ద వల. లాగడానికి వలవాళ్లు చాలరు. దారిన పోయేవాడైనా తాడు మీద చెయ్యి వేస్తాడు. చెయ్యి వేసినవాడికి రెండు చేపలు. ఎవరూ ఇవ్వరు. తనే వంగి తీసుకోవాలి. అందరూ చూస్తుండగా తీసుకోవాలి, పెద్దవి వదిలేసి మధ్యరకంవి తీసుకోవాలి. నోరు తెరిచి అడిగితే అది ముష్టి. చాటున తీస్తే దొంగతనం. చేతికి అందిస్తే తాడు పట్టినవాడికి అవమానం. దీనికి మా దగ్గర పేరు కూడా లేదు. పేరు పెట్టాల్సినంత విశేషమని ఎవరూ అనుకోలేదు.

వాళ్లు చేపల పెట్టెలు గోడ మీదికి ఎక్కించారు. మన కానాగంతకు అన్నలాంటి చేప, వీపు మీద నల్లచారలు. నేను పక్కనే నిలబడ్డాను. పెట్టెలన్నీ ఎక్కాక, గడ్డం మనిషి చూస్తుండగానే వంగి, మధ్యరకంవి రెండు మొప్పల దగ్గర పట్టుకుని కారు వైపు నడిచాను. నిజం చెప్పాలంటే ఛాతీ కాస్త విరుచుకునే నడిచాను. ఆ దేశం వెళ్లాక నా చేతులతో సంపాదించింది అదే.

వెనక నుంచి కేక వినిపించింది.

రెండు చేపలు

నేను ఆగలేదు. నన్ను కాదనుకున్నాను. గడ్డం మనిషి ముందుకొచ్చి అడ్డం నిలబడి నా చేతిలోని చేపల్ని చూపిస్తూ గట్టిగా ఏదో అన్నాడు. నేను తాడును చూపించాను. ఆయన పెట్టెల్ని చూపించాడు. నేను మళ్లీ తాడును చూపించాను. ఇంతలో పసుపు కోటు వేసుకున్న రేవు అధికారి వచ్చాడు. పైడి కారు దిగి పరిగెత్తుకొచ్చింది.

వాళ్ల మాటల్ని పైడి నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ నెలలో రెండుసార్లు వాళ్ల పెట్టెల్లో చేపలు పోయాయట. సెలవులకొచ్చిన కార్ల వాళ్లే ఎత్తుకుపోతున్నారని అనుమానమట. పట్టిన ప్రతి చేపా తూకం వేసి ప్రభుత్వానికి రాసివ్వాలట. పసుపు కోటాయన కారు నంబరు రాసుకున్నాడు. పైడి పేరు, ఫోను, మేం దిగిన ఇంటి అడ్రసు రాసుకున్నాడు. ఫిర్యాదు ఇస్తావా అని గడ్డం మనిషిని అడిగాడు. రేపు చెబుతానన్నాడట ఆయన.

అల్లుడు ఆలుగడ్డల పొట్లంతోనే వచ్చి, సంగతి తెలిసి, రెండు చేతులూ జోడించాడు. జేబులోంచి డబ్బు తీశాడు. డబ్బు చూసి గడ్డం మనిషి ముఖం ఇంకా ఎర్రబడింది.

"నాన్నా, సారీ సెప్పు" అంది పైడి.

"ఏల సెప్పాల? తాడు ఒట్టుకున్నాను. ఆడు సూత్తుండగా తీసినాను."

"ఇది మన రేవు కాదు."

"సంద్రం అదే కదే."

"మావా, నీ కాళ్లు ఒట్టుకుంతాను, ఒక్క మాట అనీ" అన్నాడు అల్లుడు.

"దొంగ సెప్తాడు సారీ. నాను దొంగనా?"

పైడి దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి రెండు చేపలూ తీసుకుని, పెట్టెలో ఎక్కడివక్కడ పెట్టేసి, వెళ్లి కారులో కూర్చుంది. అరిచినా బాగుండేది.

పొద్దు వాలని సాయంత్రం

ఆ సాయంత్రం గదిలోనే ఉన్నాం. సింధు ఆలుగడ్డలు చల్లారిపోయాయి. పైడి ఫోనులో తన దరఖాస్తు తెరిచి చదువుతోంది. పోలీసుల దాకా వెళ్లిన సంగతి ఏదైనా జరిగితే వెంటనే తెలియజేయాలని అందులో ఉందట. ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"నీకు రెండు సేపలు నాన్నా. నాకు అయిదేళ్లు."

కిటికీలో పొద్దు అలాగే ఉంది. ఆ దేశంలో కోపం దాచుకోవడానికి చీకటి కూడా దొరకదు. నాలో నేను వాదించుకుంటూ కూర్చున్నాను. న్యాయం నాదే. పట్టపగలు, మనిషి ఎదురుగా తీసినది దొంగతనం ఎలా అవుతుంది? వాదన ఎన్నిసార్లు చేసినా నేనే గెలిచాను. గెలిచిన ప్రతిసారీ మంచం మీద పైడి వీపు కనిపించింది.

అలా కూర్చుని ఉండగా, ఎన్నడూ తలచుకోని సంగతి ఒకటి గుర్తొచ్చింది. నాకు ముప్పై ఏళ్లప్పుడు సీతంపేట కొండల నుంచి చీపుర్లు అమ్ముకుంటూ ఒకాయన మా వాడకు వచ్చాడు. ఎండకు తాళలేక, ఒడ్డున తాటాకు పందిరి కింద ఉన్న పడవ ఎక్కి పడుకున్నాడు. అది కొత్త పడవ. పసుపూ కుంకుమా పెట్టి, మర్నాడు నీళ్లలోకి దించాల్సింది. దానిలో అలా పడుకోవడం మాకు ఎంత అపచారమో చెప్పలేను. ఈడ్చి దింపాం. "మా కొండ మీద నీడున్న సోటు ఎవులదైనా, నడిసొచ్చినోడు తొంగోవొచ్చు బాబూ. అడగక్కర్లేదు" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. ఆయన చీపుర్ల కట్టను సముద్రంలోకి విసిరేశాం. విసిరిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. అవి తడిసి తేలుతుంటే ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చూశాడు. సముద్రం చూడటం అదే మొదటిసారి అనుకుంటాను, ఇంకా లోపలికి దిగడానికి భయపడ్డాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మేం పడ్డ బాధా అబద్ధం కాదు. ఇన్నేళ్లూ ఆ రెండో మాట ఒక్కటే నిజమనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున

నాలుగింటికే తెల్లగా తెల్లారింది. ఎవర్నీ లేపకుండా కోటు వేసుకుని రేవుకు నడిచాను. గడ్డం మనిషి పడవలో బుట్టలు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. పిలవలేదు, పొమ్మనలేదు.

నాకు ఇంగ్లీషు రాదు. పేపర్లలో చదివిన నాలుగు ముక్కలు ఆ సమయానికి ఒక్కటీ రాలేదు. "తప్పైపోయింది బాబూ" అన్నాను. మా కులపెద్దల ముందు రెండుసార్లు తగువుకు నిలబడి కూడా ఆ మాట అనలేదు నేను. ఆయనకు అర్థం కాలేదు. అందుకని చేసి చూపించాను. లేని తాడును రెండు చేతులా పట్టుకుని ఇసుకలో వెనక్కి వెనక్కి నడిచినట్టు లాగాను. నుదుటి చెమట తుడుచుకున్నాను. వంగి రెండు చేపలు తీసినట్టు తీసి చుట్టూ అందరికీ చూపించాను. ఆయన కళ్లు చిట్లించి చూస్తున్నాడు. ముసలాడికి మతి పోయిందనుకున్నాడో ఏమో.

"నాన్నా."

పైడి. కాళ్లకు చెప్పుల్లేవు, ఇంట్లో వేసుకునే బట్టల మీదే కోటు. తగువుకు వెళ్లాననుకుని పరిగెత్తుకొచ్చింది.  నేను గాల్లో తాడు లాగడం అప్పటికే చూసింది.

తర్వాత ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే. అయినా ఆమె చేతులు నాకు అర్థమయ్యాయి. లాగుతున్నాయి. కుడిచెయ్యి ముందు, ఎడమచెయ్యి వెనక, నడుం వంచి, మడమ ఇసుకలో పాతినట్టు ఆనించి. అది చూసి నేర్చుకునే లాగుడు కాదు. ఆస్పత్రిలో ఎవరికీ ఆమె తన తండ్రి ఏం చేస్తాడో చెప్పలేదని నాకు తెలుసు. నర్సుల మధ్య ఎందుకని ఊరుకుంది. ఇప్పుడు ఆ తెల్లవారుజామున ఒక పరాయివాడికి అంతా చెబుతోంది.

"ఏటి సెప్తన్నావే?" అన్నాను.

"ఏడేళ్లప్పుడు బడి నుంచొచ్చి తాడు కొస ఒట్టుకునేదాన్నని సెప్తన్నాను. పిల్లలకి ఒక్కటే సేప ఇచ్చీవోరని."

"నువ్వు తాడు ఒట్టుకున్నావా? ఎప్పుడు?"

"నువ్వు గుజరాతు ఎలిపోయినప్పుడు. అమ్మ సెప్పొద్దంది. ఆ ఒక్క సేపతోటే ఆ పూట కూర."

నాకు తెలియదు. ముప్పై ఏళ్లకు, అంత దూరం వెళ్లి తెలుసుకున్నాను.

గడ్డం మనిషి పడవలోంచి గోడ మీదికి ఎక్కి వచ్చాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పైడి ఒక్కో మాటా నాకు చెప్పింది. వాళ్ల నాన్న పడవ నడిపే రోజుల్లో గోడ మీదికి ముసలివాళ్లు, మొగుడు పోయినవాళ్లు పళ్లేలు పట్టుకుని వచ్చేవారట. ఒక పూటకు సరిపడా చేపలు వాళ్ల పళ్లెంలో వేసేవారట. ఎవరూ అడిగేవారు కాదట. "కానీ ఇక్కడ మేం ఇస్తాం. తీసుకోరు" అన్నాడు. ఇప్పుడు పళ్లెం పట్టుకుని ఎవరూ రావడం లేదట.

"మాకాడ తీసుకుంతాం. ఇవ్వరు" అని చెప్పమన్నాను. చెప్పింది. ఎవరిది మంచి పద్ధతో నాకు తెలుసు గానీ, ఆ పొద్దున వాదించలేదు. నా జన్మలో అదొక వింత.

ఆయన కోటు జేబులోంచి ఫోను తీసి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. పైడి ముఖంలోకి చూస్తూ ఏదో అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు. పసుపు కోటాయన్ని నిద్రలేపి చెప్పేశాడట, ఫిర్యాదు లేదు, రాసిన కాగితం చింపెయ్యమని. పైడి ఇనుప దిమ్మ మీద చెయ్యి ఆనించి నిలబడింది. 

ఆయన పడవలోకి దిగి, ఒక బకెట్ పట్టుకుని పైకి వచ్చాడు. ఇంటి కూరకు ఉంచుకున్న, తూకం అక్కర్లేని చేపలట అందులో. నా ముందు గోడ మీద పెట్టాడు. చేతికి అందించలేదు. పెట్టి, మళ్లీ పడవలోకి దిగి, అటు తిరిగి బుట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నేను నిలబడే ఉన్నాను. ఆ రోజు నేను ఏ తాడూ పట్టలేదు. వంగబుద్ధి కాలేదు.

పైడి వంగింది. బకెట్‌లో చెయ్యి పెట్టి, పైనున్న పెద్దవాటిని పక్కకు తోసి, మధ్యరకంవి రెండు తీసింది. మొప్పల దగ్గర పట్టుకుని, పడవలోని గడ్డం మనిషి తలెత్తి చూసేదాకా ఆగి, చూశాక మేం దిగిన ఇంటి వైపు నడిచింది.